అంచు పట్టుకో

డెకోరా, అయోవా
డిసెంబరు మొదటి మంగళవారం

ప్రియమైన మార్లిస్‌కు,

నీ వెర్లిన్ రాసేది. ఇక్కడ నేనూ పిల్లీ క్షేమం. ఆర్డిస్ వదినకు ఇంకాస్త కుదుటపడిందనీ, మీ అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ టూసాన్ ఎండలో చల్లగా ఉన్నారనీ తలుస్తాను.

ఆదివారం ఫోన్‌లో "ఏమయ్యా, గొంతు అలా ఉందేం? జలుబా?" అని అడిగావు. జలుబే అన్నాను. జలుబూ లేదు, పాడూ లేదు. చెప్పలేని మాట ఒకటి గొంతుకు అడ్డం పడి ఉంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో "ఏంటీ!" అని అరవలేవు కదా, అందుకని రాస్తున్నాను. అయితే ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పనీ. తప్పించుకుంటున్నానని నీకు తెలుస్తూనే ఉంటుంది. తెలియనీ.

కింద హీటరు బాగుచేయించాను. వచ్చిన కుర్రాడు "దీని వయసు ఎంతండీ?" అని అడిగాడు. "మా పెళ్ళంత" అన్నాను. "అయితే ఇంకా లాగిస్తుందిలెండి" అన్నాడు. పిల్లికి మందు వేస్తున్నాను, అది నా చేతుల మీద దాని సంతకం పెడుతోంది. చర్చిలో లూటెఫిస్క్ విందు అయిపోయింది, ఆ చేప కంపు మాత్రం నా కోటును వదలనంటోంది. నువ్వు లేవేమని అందరూ అడిగారు. ఈసారి లెఫ్సా రొట్టెలు పక్కింటి బెవర్లీ చేసింది. నీ చేతి లెఫ్సా గుడ్డలా మడత పడుతుంది, ఆవిడది అట్టలా విరిగింది. మొహమాటానికి నాలుగు తిన్నాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. నీ ఉత్తరంలో రెండు పేజీలు దాని గురించే. చదివీ చదివీ నాకు కంఠతా వచ్చేసింది. నువ్వు ఇలా రాశావు:

"నాన్న బంగారు బిళ్ళ మీద, రెడ్ ఇండియన్ ముఖం ముందర, ఎర్రగా చిన్న వేలిముద్ర ఉంది చూడు, అది ఎవరిదో తెలుసా? మా అన్న ఓరిన్‌ది! అక్క నిన్ననే చెప్పింది. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుందట. నేను ఉయ్యాల్లో ఉన్నప్పటి క్రిస్మస్ అది. ఓరిన్‌ని అక్క ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నాన్న బిళ్ళ బయటికి తీసి చూపించబోతే, వాడు చటుక్కున బొటనవేలితో పట్టేసుకున్నాడట. 'అంచు పట్టుకో! అంచు!' అని నాన్న ఇల్లు అదిరేలా అరిచాడట. వాడు బిక్కచచ్చిపోయి ఒకటే ఏడుపు. ఆ వచ్చే ఆగస్టులోనే పోలియో వాణ్ణి తీసుకుపోయింది. అంటుకుంటుందన్న భయంతో వాడి బట్టలు, బొమ్మలు అన్నీ పెరట్లో తగలబెట్టారు. అమ్మ ఫొటోలు కూడా ఆ మంటలోనే పడేసిందట. అక్క అంటోంది, 'వాడు ఉండేవాడని చెప్పడానికి ఆ ముద్ర ఒక్కటే ఉందే మార్లిస్. నేను పోయేలోగా ఒక్కసారి చూపించవే' అని. క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు తప్పకుండా తీసుకురా. జాగ్రత్తగా తేవాలి. నీకు చెప్పక్కర్లేదనుకో!"

నీకు చెప్పక్కర్లేదనుకో. ఆ మాట దగ్గర నేను కుర్చీలో కూలబడ్డాను మార్లిస్.

నీకు ఈ బిళ్ళల గొడవ ఎప్పుడూ పట్టలేదు. "ముసలాళ్ళంతా చేరి చొక్కా బొత్తాలంత ముక్కల్ని భూతద్దాల్లోంచి చూసి పోట్లాడుకుంటారు" అని మా క్లబ్బును ఏడిపిస్తావు. ఏడిపించినా కాస్త ఓపిక పట్టి ఈ ఒక్కటీ విను, లేకపోతే నేను చేసింది ఎంత పనో నీకు తెలియదు. మీ నాన్న బిళ్ళ రెండున్నర డాలర్లది, పందొమ్మిది వందల పదకొండులో డెన్వర్ టంకశాలలో కొట్టింది. ఆ రకం కొట్టినవే తక్కువ. ఉన్నవాటిలో చాలామటుకు జేబుల్లో, పర్సుల్లో పడి నలిగినవే. నలగని దానికి డెబ్భైకి ఇన్ని అని మార్కులు వేస్తారు. అరవై దాటితే చేతులు మారని బిళ్ళ అని లెక్క. ఇందులో అరవై మూడు వస్తే గొప్ప. అరవై ఐదు వస్తే ఇక దాని సొంతదారు పేరు దేశమంతా చెప్పుకుంటారు.

ఇంకొకటి. వేరే నాణేల మీద బొమ్మ పైకి లేచి ఉంటుంది. దీని మీద బొమ్మ లోపలికి దిగి ఉంటుంది. బొమ్మ పల్లం, చుట్టూ ఖాళీ చోటు మెరక. అందుకని వేలు పడితే ముందుగా ఆ ఖాళీ చోటు మీదే పడుతుంది. బంగారంలో పదో వంతు రాగి కలుస్తుంది కదా, వేలి జిడ్డు ఏళ్ళ తరబడి ఆ రాగిని పట్టుకుని ఎర్రబడుతుంది. మీ నాన్న బిళ్ళ మీద ఇండియన్ ముక్కుకు ఎదురుగా ఆ ముద్ర సన్నటి గీతలతో సహా కనిపించేది. చిన్న వేలని చూస్తేనే తెలిసేది. ఎవరో పిల్లాడి వేలని నేనూ అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు. నాకు అది ఒక లోపం, అంతే.

నిన్ను చూడ్డానికి మొదటిసారి మీ ఇంటికి వచ్చిన రోజు నీకు గుర్తుందా? మీ నాన్న నాకు కాఫీ కూడా ఇవ్వకుండా ఈ బిళ్ళే చూపించారు. నేను చెయ్యి చాపగానే నా మణికట్టు మీద ఒక్కటిచ్చారు. "అంచు పట్టుకో అబ్బాయ్. బిళ్ళ ముఖం ముట్టుకునేవాడికి నా కూతుర్ని ఇవ్వను" అన్నారు. నువ్వు వంటింట్లోంచి పకపకా నవ్వావు. ఈ విద్య అంతా ఆయన పెట్టిన భిక్షే. కింద మెత్తటి గుడ్డ పరవాలి, రెండు వేళ్ళతో అంచు పట్టుకోవాలి, దాని మీద మాట్లాడకూడదు, తుంపర పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కడగకూడదు, తోమకూడదు. టంకశాల ఇచ్చిన నిగ్గు ఒకసారి పోతే దేవుడు కూడా తిరిగి తేలేడు అనేవారు. నా పాత నాణేల దుకాణంలో గల్లాపెట్టె పైన నేను రాసి పెట్టిన అట్ట నువ్వు చూశావుగా, "కడగకండి" అని. పాపం ముసలమ్మలు తాతల నాటి బిళ్ళల్ని తళతళా తోమి తెచ్చి గర్వంగా బల్ల మీద పెడితే, "అయ్యో అమ్మా, ఎంత పని చేశావమ్మా!" అని నెత్తి కొట్టుకునేవాణ్ణి. కొందరు ఏడ్చేవాళ్ళు. నాకు అప్పుడు ఎంత పెద్దరికంగా ఉండేదో.

ఇక చెబుతాను. డ్వేన్ క్వాలే తెలుసుగా, దాణా కొట్టు డ్వేన్. వాడు వేసవిలో ఇదే రకం బిళ్ళ ఒకటి కొన్నాడు, దానికి అరవై మూడు వచ్చింది. క్లబ్బు అద్దాల బీరువాలో దాన్ని నడిమధ్యన పెట్టించుకున్నాడు. ప్రతి మీటింగులోనూ కాఫీ దగ్గర అదే గోల.

"ఏం వెర్లిన్, మీ మామగారి బిళ్ళ ఎప్పుడు బయటికి తీస్తావ్? ఆ వేలిముద్రతో అరవై రెండు కూడా రాదులే."

"నీ కొట్లో దాణా తూచినట్టు బంగారం తూచకు డ్వేన్" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వారు గాని నాకు లోపల కాలింది. ముద్ర ఒక్కటి లేకపోతే మనది అరవై నాలుగు, అదృష్టం బాగుంటే ఐదు. నా కళ్ళకు తెలుసు. అమ్ముదామని కాదు మార్లిస్, ఒట్టు. ఆ అంకె కోసం. డ్వేన్ బిళ్ళను పక్కకు జరిపి మనది నడిమధ్యన పెట్టాలని. తాతనయ్యే వయసులో, పిల్లలు గోళీలాటలో పంతం పట్టినట్టు పట్టాను.

నువ్వు టూసాన్ వెళ్ళిన వారంలోనే ఆ పని చేశాను. పట్టపగలే దుకాణం తలుపుకు "మూసి ఉంది" అని బోర్డు తిప్పి వెనక గదిలో కూర్చున్నాను. నగలు శుభ్రం చేసే మందులో ముంచి తీశాను. ముద్ర కదల్లేదు. అక్కడ ఆగితే ఎంత బాగుండేది! కదలకపోయేసరికి మొండితనం వచ్చింది. తడి దూది మీద చిటికెడు వంటసోడా వేసుకుని మెల్లగా, మెల్లగా అనుకుంటూ రుద్దాను. పోయింది. దీపం కింద పెట్టి చూస్తే ఇండియన్ ముఖం ముందు కడిగిన పళ్ళెంలా ఉంది. నేను చప్పట్లు కొట్టాను మార్లిస్. అది దాచి మిగతాది చెబితే చెప్పినట్టు కాదు. ఒక్కణ్ణే కూర్చుని చప్పట్లు కొట్టాను.

మార్కులు వేసేవాళ్ళ దగ్గరికి గ్రేడింగుకు పంపాను. థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు తిరిగి వచ్చింది. పార్సిల్ వచ్చేసరికి డ్వేన్ దుకాణంలోనే ఉన్నాడు. వాడి ముందే విప్పాలని నాకు ఉబలాటం. విప్పాను. సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టెలో బిళ్ళ ఉంది, పైన చీటీ ఉంది, చీటీ మీద మార్కు మాత్రం లేదు. అసలైన నాణెమే, తోమినది, అని ఉంది. వాళ్ళ తప్పేం లేదు, నేనైనా అదే రాసేవాణ్ణి. కొత్త పెళ్ళికొడుకు అద్దంలో చూసుకున్నట్టు మురిసిపోయి నేను గమనించలేదు గాని, దీపాన్ని ఏటవాలుగా పెడితే దూది గీతలు వెంట్రుకల్లా కనబడుతున్నాయి.

డ్వేన్ పెట్టెను తీసుకుని అటూ ఇటూ వంచి చూశాడు. ఎగతాళి చేస్తాడనుకుని పళ్ళు బిగబట్టాను. వాడు పెట్టెను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. నా మొహం వంక కూడా చూడలేదు. టోపీ పెట్టుకుని, "సరే, వెళ్ళొస్తా వెర్లిన్" అన్నాడు. వాడు బండబూతులు తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. క్లబ్బుకు పోలేదు. "కడగకండి" అట్టను తీసి బీరువా వెనక పడేశాను. పోయింది మార్కు మాత్రమే అని అప్పుడు నా ఏడుపు. నీ ఉత్తరం ఇంకా రాలేదు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. మీ నాన్న వృద్ధాశ్రమంలో చివరి రోజుల్లో ఈ బిళ్ళ మనకు ఇచ్చినప్పుడు నువ్వు నర్సుతో మాట్లాడటానికి బయటికి వెళ్ళావు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "వెర్లిన్, ఆ ముద్ర జోలికి పోకు" అన్నారు.

"దానివల్ల మార్కులు పోతాయి కదా మామగారూ" అన్నాను.

"పోనీ. మాట ఇవ్వు."

"సరే, ఇచ్చాను" అన్నాను. ఎందుకని అడగలేదు. ఆయన చేతిరుమాలు తీసి ముక్కు, కళ్ళు తుడుచుకున్నారు. జలుబేమో అనుకున్నాను. అంత పెద్దమనిషి, ఊళ్ళో అందరికీ బిళ్ళ ఎలా పట్టుకోవాలో నేర్పినాయన, తన బిళ్ళ మీద అంత మచ్చను యాభై ఏళ్ళు ఎందుకు ఉంచుకున్నారో ఒక్కసారైనా ఆలోచించాలి కదా నేను! కొడుకు మీద అరిచిన అరుపుకు ఆయన వేసుకున్న శిక్ష అది. లేకపోతే ముద్దు పెట్టుకోవడానికి మిగిలిన వేలేమో. నాకు బావ కావలసినవాడు, నేను ఎన్నడూ చూడనివాడు, నా చేతికిందే ఉన్నాడు. వంటసోడాతో రుద్ది తుడిచేశాను. మీ నాన్నకిచ్చిన మాటతో సహా.

ఇక్కడితో అయిపోలేదు. నువ్వు కూర్చునే చదువుతున్నావా? కూర్చో.

నీ ఉత్తరం వచ్చిన శనివారం మన పక్క బేకరీ వాళ్ళ మనవరాలు బ్రిటా వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల, గోధుమ కంకి బొమ్మ ఉన్న పాత సెంటు నాణేల కోసం శనివారం శనివారం వస్తుంది చూడు, ఆ పిల్ల. దాన్ని చూడగానే నాకొక పాడు బుద్ధి పుట్టింది. వదిన చూడబోయేది ఒక్కసారి. నాలుగేళ్ళ పిల్ల వేలయితేనేం, పిల్లాడి వేలయితేనేం? రంగు ఎర్రబరిచే మార్గాలు కూడా నాకు తెలుసు, ఇన్నేళ్ళు దొంగ బిళ్ళలు పట్టినవాణ్ణి కదా. వదినకు తృప్తి, నీకు తెలియదు, నా పరువు దక్కుతుంది. ప్లాస్టిక్ పెట్టెను అప్పటికే సుత్తితో పగలగొట్టి ఉంచాను. బిళ్ళను గుడ్డ మీద పెట్టి పిల్లను ఎత్తి స్టూలు మీద కూర్చోబెట్టాను.

"బ్రిటా, ఇది తీసుకో తల్లీ."

ఆ పిల్ల ముందు చేతులు గౌనుకు తుడుచుకుంది. నాలుక కాస్త బయటపెట్టి, రెండు వేళ్ళతో, సరిగ్గా అంచు పట్టుకుని, గుడ్డ మీద నుంచి బెత్తెడు కూడా పైకి లేపకుండా పట్టుకుంది.

"అలా కాదమ్మా. బొటనవేలు పెట్టి నొక్కు. ఇదిగో, ఇక్కడ."

"అమ్మో! అలా ముట్టుకోకూడదు తాతా. నువ్వే చెప్పావుగా. అంచు పట్టుకోవాలి."

"ఈ ఒక్కసారికీ ఫర్వాలేదు."

"ఊహూఁ. నాకు పరీక్ష పెడుతున్నావ్. నాకు తెలుసులే!" అని కిలకిలా నవ్వి, బిళ్ళను మళ్ళీ గుడ్డ మీద పెట్టేసి చెయ్యి చాపింది. "నేను గెలిచాను కదా, నా సెంటు ఏదీ?"

రెండు ఇచ్చాను. అది గెంతుకుంటూ వెళ్ళిపోయాక తలుపు బోర్డు తిప్పి, వెనక గదిలో కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల నోట వచ్చింది మీ నాన్న మాట. ఆయన నాకు నేర్పింది, నేను దానికి నేర్పింది. నేను ఎంత నీతి తప్పినా నేను నేర్పిన పాఠం తప్పలేదు, నా అదృష్టమో దురదృష్టమో. ఆ పిల్ల నా మాట విని ఒక్కసారి నొక్కి ఉంటే, ఓరిన్ పేరు చెప్పి ఇంకొకరి వేలిని వదినకు చూపించేవాణ్ణి. పక్కన నిలబడి, "అవును, వాడిదే" అని తల ఊపేవాణ్ణి కూడా. నా సంగతి నాకు తెలిసిపోయింది మార్లిస్. అందుకే ముఖం చెల్లడం లేదు, అన్నం సహించడం లేదు, నీ ఫోన్ మోగితే తియ్యాలంటే భయం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఏమైనా మిగిలిందేమోనని ఎన్ని రకాలుగానో వెతికాను. పెద్ద భూతద్దంతో చూశాను, కిటికీ వెలుగులో చూశాను, మంచు వెలుగులో చూశాను. నా గీతలు ఉన్నాయి, వాడి గీతలు లేవు. ఉన్నాయేమో అని ఆశపెట్టి రాద్దామని కూడా అనిపించింది. లేవు.

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. ఆ మాట అడిగితే నువ్వు జవాబు చెప్పాల్సి వస్తుంది, ఆ బరువు కూడా నీ మీద పెట్టలేను. ఇది చదివాక నువ్వు ఆదివారం ఫోన్ చెయ్యకపోతే అర్థం చేసుకుంటాను. ఒక్కటే అడుగుతాను. వదినకు నువ్వు చెప్పకు. నువ్వు నన్ను కాపాడే మాట ఏదో కలుపుతావు, నాకు తెలుసు. "ముసలాడు, తెలియక చేశాడు" అంటావు. తెలియక కాదు. మాట ఇచ్చి తప్పాను. నేనే వచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా, చప్పట్లతో సహా, బ్రిటాతో సహా చెబుతాను. ఆవిడ ఏమన్నా పడతాను. ఇంట్లోంచి పొమ్మంటే వసారాలో పడుకుంటాను, టూసాన్‌లో మంచు పడదుగా.

క్రిస్మస్‌కు ముందు శుక్రవారం బయలుదేరుతున్నాను. పిల్లిని బెవర్లీకి అప్పగించి వస్తాను. బిళ్ళను తెస్తున్నాను. ప్లాస్టిక్ లేదు, గుడ్డ లేదు, డబ్బీ లేదు, ఊరికే చొక్కా జేబులో.

ఓరిన్ ఏడ్చినప్పుడు వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నది వదిన. మీ నాన్న అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉందని ఆవిడ నీతో అందట, నువ్వే రాశావు. చెప్పడం అయ్యాక, ఆవిడ ఇంకా నా మొహం చూడగలిగితే, బిళ్ళను ఆవిడ అరచేతిలో పెడతాను. ఆ బుడతడు పట్టుకున్నట్టే గుప్పెట్లో గట్టిగా పట్టుకోమంటాను, బొటనవేలు ఎక్కడ పడితే అక్కడ. ఎంతసేపు కావాలంటే అంతసేపు. తర్వాత నువ్వూ పట్టుకో. ఈసారి "అంచు పట్టుకో" అని ఎవరూ అరవరు.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని నీ భర్త
వెర్లిన్